చదివింది సరే, ఇంతకీ ఏమంటాడు?

పల్లెటూళ్లలో పత్రిక ఒకరు చదివితే పదిమంది వినడం పాత అలవాటు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది. ఆ తరువాత పల్లెల్లో వెలసిన గ్రంథాలయాలు ఈ అలవాటుకు ఊపిరి పోశాయి. చదువు వచ్చినవారు వార్త ఆసాంతం చదివి ముగించగానే, అక్షరం ముక్క రాని రైతు ఒకరు "అదంతా సరే, ఇంతకీ ఏమంటాడు?" అని అడిగేవారు. చదివినవారు దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పవలసి వచ్చేది. చెప్పలేకపోతే వారికీ అర్థం కాలేదని పక్కవారికి తెలిసిపోయేది.

బడిలో పిల్లలను అడగవలసిన ప్రశ్న కూడా ఇదే. కాని దీనిని అడిగే తరగతి గదులు తక్కువ. పిల్లవాడు గుక్క తిప్పుకోకుండా పాఠం చదివితే బాగా చదివాడని మెచ్చుకుంటున్నారు. పాఠం చివర ఉన్న ప్రశ్నలకు జవాబులు అప్పజెబితే బాగా నేర్చాడని మార్కులు వేస్తున్నారు. చదివిన రెండు పేజీలలోని అసలు సంగతి ఏమిటో సొంత మాటలలో ఒక్క వాక్యం చెప్పమంటే మాత్రం, ఆ పిల్లవాడే తెల్లముఖం వేస్తున్నాడు. ఇది ఒక జిల్లాకో, ఒక యాజమాన్యం కింద ఉన్న బడులకో పరిమితమైన లోపం కాదు. సర్కారు బడిలోనూ ఉంది, నెలనెలా ఫీజు కట్టించుకునే బడిలోనూ ఉంది.

చదవడం వేరు, చదివింది గ్రహించడం వేరు అనడానికి లెక్కలు లేకపోలేదు. 'అసర్' సర్వే వారు 2023లో దేశంలోని 28 జిల్లాలలో 14 నుంచి 18 ఏళ్ల వయసుగల 34 వేల మందికి పైగా గ్రామీణ యువతను పరీక్షించారు. వారిలో దాదాపు నాలుగోవంతు మంది తమ సొంత భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని ధారాళంగా చదవలేకపోయారు. అది ఒక బాధ. ఇంకొక బాధ అంతగా ప్రచారంలోకి రాలేదు. కొద్దో గొప్పో చదవగలిగిన వారికి విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టును ఇచ్చి, దానిమీద ఉన్న సూచనలను చదివి నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పమన్నారు. జవాబులన్నీ ఆ ప్యాకెట్టు మీదే ఉన్నాయి. అయినా నాలుగింటిలో కనీసం మూడు సరిగా చెప్పగలిగినవారు సుమారు మూడింట రెండు వంతుల మంది మాత్రమే. మిగతావారికి అక్షరాలు వచ్చు. ఆ అక్షరాలు ఏం చెబుతున్నాయో పట్టుకోవడం రాలేదు. పసిబిడ్డకు ఆ మందు కలిపి పట్టవలసింది ఇటువంటి ఇళ్లలోని అక్కలూ, తల్లులే.

లోపం ఎక్కడుందో చూడాలంటే మొదట పిల్లలకు కథలు చెప్పే పద్ధతిని చూడాలి. మన పిల్లలు పంచతంత్రం వంటి నీతికథలతో పెరుగుతారు. కథ ముగియగానే "దీనిలో నీతి ఏమిటి?" అని అడగడం ఇంట్లోనూ, బడిలోనూ ఆనవాయితీ. కథకు అది చక్కగా సరిపోతుంది. అయితే భూగర్భ జలాల గురించిన పాఠానికీ, గ్రామ పంచాయతీ విధుల గురించిన పాఠానికీ నీతి ఉండదు. వాటిలో రచయిత ఒక విషయం తీసుకుని, దాని గురించి ఒక మాట చెప్పి, ఆ మాటను నిలబెట్టడానికి కారణాలు, ఉదాహరణలు, అంకెలు ఇస్తాడు. ఆ ఒక్క మాటను వెతకడం వేరే విద్య. ఆ విద్యను ఎవరూ ప్రత్యేకంగా నేర్పకపోవడంతో పిల్లలు అక్కడ కూడా నీతినే వెతుకుతారు. పాఠంలో ఎక్కడా లేకపోయినా "కావున మనమందరం నీటిని పొదుపుగా వాడుకోవాలి" అని రాసేస్తారు. అది మంచి మాట కాబట్టి ఉపాధ్యాయుడు కూడా కొట్టివేయడు.

రెండో కారణం గైడ్లు. గైడులో సారాంశం తయారుగా ఉంటుంది. దానిని బట్టీ పట్టడం, పరీక్షలో దించడం ఏళ్ల తరబడి సాగుతున్నది. ఎవరో నమిలి పెట్టినదాన్ని మింగిన పిల్లవాడికి రేపు కొత్త కాగితం ఏది చేతికి వచ్చినా దానికీ ఒక గైడు కావలసి వస్తుంది. ప్రశ్నలు వేసే తీరు కూడా ఇందుకు తోడైంది. పాఠంలో "చెరువులను తవ్వించినవారు కాకతీయులు" అని ఉంటే, కింద "చెరువులను తవ్వించినది ఎవరు?" అని ప్రశ్న ఉంటుంది. 'తవ్వించిన' అనే మాట ఎక్కడుందో వేలు పెట్టి వెతికి, ఆ వరుసను ఎత్తి రాస్తే మార్కు పడుతుంది. దీనికి పాఠం చదవనక్కరలేదు, మాట గుర్తుపట్టే కన్ను ఉంటే చాలు. ఇలాంటి ప్రశ్నలు అసలే వద్దని కాదు, కాని అవే సరిపోతాయని అనుకోవడం దగ్గరే చిక్కు వచ్చింది.

మాటలతో చెప్పుకుంటూ పోయేకన్నా ఒక చిన్న ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. ఆరో తరగతి పిల్లలకు ఉపాధ్యాయుడు ఈ నాలుగు ముక్కలు ఇచ్చాడని అనుకుందాం:

"వానలకు కొట్టుకువచ్చిన మట్టి ఏటా చెరువు అడుగున పేరుకుపోతుంది. అలా పేరుకున్నకొద్దీ చెరువులో నీరు నిలిచే జాగా తగ్గుతుంది. వేసవిలో ఆ పూడిక తీస్తే తిరిగి నీరు ఎక్కువగా నిలుస్తుంది. తీసిన మట్టిని ఇసుక పాలు ఎక్కువగా ఉన్న చేలకు తోలితే నేల తేమను పట్టి ఉంచుతుంది. ఆ మట్టిలో పైరుకు పనికివచ్చే పోషకాలు కూడా ఉంటాయి. అయితే కొన్ని చెరువుల మట్టిలో ఉప్పు, చవుడు ఉండవచ్చు గనుక పరీక్ష చేయించి తోలుకోవడం మేలు."

ఇందులో అసలు సంగతి ఏమిటని అడిగితే తరగతిలో నాలుగైదు రకాల జవాబులు వస్తాయి. ఒకరు "చెరువు" అంటారు. అది దేని గురించి రాశారో చెబుతుంది కాని, దాని గురించి ఏమన్నారో చెప్పదు. రంగయ్య గురించి మాట్లాడుకుంటున్నారని చెప్పినంత మాత్రాన రంగయ్యను మెచ్చుకున్నారో, తిట్టారో తెలియదు కదా! ఇంకొకరు మొదటి వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తారు. అసలు సంగతి ఎప్పుడూ మొదటి వాక్యంలోనే ఉంటుందని ఎవరో చెప్పి ఉంటారు. ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఇక్కడ మొదటి వాక్యం సమస్యను ఎత్తుకున్నదే కాని, చెప్పదలచింది చెప్పలేదు. మూడో పిల్లవాడు "చెరువు మట్టిలో ఉప్పు ఉంటుంది" అంటాడు. వాళ్ల నాన్న ఆ మాట అనగా విని ఉంటాడు, మనసుకు తగిలింది. అది ఒక జాగ్రత్త మాత్రమే. నాలుగోవాడు షరా మామూలుగా "చెరువులను కాపాడుకోవడం మన కర్తవ్యం" అంటాడు.

"చెరువు పూడిక తీసి చేలకు తోలితే చెరువుకూ, చేనుకూ కూడా లాభం" అన్న మాట దగ్గరకు ఏదో ఒక పిల్ల వస్తుంది. అప్పుడు ఉపాధ్యాయుడు వెంటనే "సరే" అనేసి తరువాతి పాఠంలోకి పోకూడదు. ఆరు వాక్యాలనూ ఒక్కొక్కటిగా ఈ మాట ముందు నిలబెట్టి చూపించాలి. మొదటి రెండు వాక్యాలు పూడిక ఎందుకు తీయాలో చెబుతున్నాయి. మూడోది చెరువుకు కలిగే లాభం. నాలుగు, అయిదు చేనుకు కలిగే లాభం. ఆరోది ఆ లాభం నష్టం కాకుండా చూసుకునే జాగ్రత్త. ఆరూ వచ్చి ఈ మాట కింద ఒదిగాయి. మరి "చెరువు మట్టిలో ఉప్పు ఉంటుంది" అన్న మాట కింద ఎన్ని ఒదుగుతాయి? ఒక్కటే. "చెరువులను కాపాడుకోవడం కర్తవ్యం" అన్నదాని కింద చేలకు మట్టి తోలే సంగతి ఎక్కడ పెడతారు? పిల్లలకు ఈ తేడా ఒకసారి కంటికి కనబడితే మళ్లీ మరచిపోరు. కళ్లంలో తూర్పారబట్టడం చూసిన పిల్లలకు గింజ ఏదో, తాలు ఏదో వేరే చెప్పాలా? అయితే ఇక్కడ చిన్న తేడా ఉంది. పాఠంలోని వివరాలు తాలు కావు. అసలు సంగతిని మోసే గుంజలు అవి. పందిరి ఏది, గుంజ ఏది అని చెప్పగలగడమే కావలసింది.

ఈ పని తెలుగు పీరియడుకు చెందినదని సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం బోధించేవారు భావించడం పెద్ద పొరపాటు. తెలుగు వాచకంలో సగం పద్యాలూ, కథలూ ఉంటాయి. కథ కాని రచన పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యేది సైన్సు, సాంఘిక పుస్తకాలలోనే. చదవడం, రాయడం పునాదులు గట్టిపరచడానికి కేంద్రం 2021లో ప్రారంభించిన 'నిపుణ్ భారత్' పథకం మూడో తరగతి వరకు ఉన్న పిల్లల మీద దృష్టి పెట్టింది. మంచిదే. కాని పెద్ద పెద్ద పేరాల పాఠాలు మీదపడేది ఆ తరువాతే. అప్పటికి చదవడం వచ్చేసిందని అందరూ చేతులు దులుపుకుంటారు.

ఇంగ్లీషు మాధ్యమం వచ్చాక ఈ చిక్కు ఇంకా ముదిరింది. అర్థం తెలియని వాక్యంలో అసలు సంగతి వెతకడం చీకట్లో సూది వెతకడమే. ఇందులో చేయదగిన పని ఒకటుంది. రెండు రాష్ట్రాలలోనూ ఇటీవలి సంవత్సరాలలో ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. తెలుగు పక్క చదివించి, అసలు సంగతి తెలుగులో చెప్పించి, ఆ తరువాతే ఇంగ్లీషు పక్కకు తీసుకుపోతే పిల్లవాడు చేతిలో దీపంతో వెళ్లినట్టు ఉంటుంది. తెలుగు పక్క చదివితే ఇంగ్లీషు రాదనే భయం తల్లిదండ్రులలో ఉంది. ఆ భయానికి ఆధారం లేదు. ఒక భాషలో అర్థం పట్టడం నేర్చినవాడు రెండో భాషలోనూ అదే పని చేస్తాడు.

తెలుగు వాక్యానికే ఒక ప్రత్యేకత ఉంది. దానిని బడిలో చెప్పేవారు అరుదు. మన భాషలో క్రియ చివర వస్తుంది. అవుననే మాటా, కాదనే మాటా వాక్యం తోక దగ్గర ఉంటుంది. "ఫలానా తేదీలోపు ఫలానా పత్రాలతో దరఖాస్తు చేసుకుని, ఫలానా పథకం కింద ఇదివరకే సహాయం పొందిన కుటుంబాలవారు అనర్హులు" అన్న వాక్యంలో కడదాకా పోతేగాని అది ఇచ్చే కబురో, ఇవ్వని కబురో తెలియదు. ప్రభుత్వ కాగితాలలో ఇటువంటి వాక్యాలు నలభై, యాభై మాటల పొడవున సాగుతాయి. పిల్లవాడే కాదు, పెద్దవాడు కూడా మధ్యలో అలసి వదిలేస్తాడు. వదిలేసిన చోటే అసలు సంగతి ఉంటుంది. అందుచేత పొడుగు వాక్యం కనబడితే ముందు చివరి క్రియను పట్టుకోవడం, తరువాత ఎవరు, ఎప్పటిలోగా, ఎక్కడ అని వెనక్కి రావడం పిల్లలకు నేర్పాలి. 'అయితే', 'కాని', 'తప్ప', 'మినహా' అన్న మాటల దగ్గర ఆగి చూడడం కూడా నేర్పాలి. రచయిత మలుపు తిరిగేది అక్కడే. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) జీవితమంతా పోరాడారు. పాఠ్యపుస్తకాల భాష మారింది కాని, కచేరీ కాగితాల భాష మాత్రం మారనని భీష్మించుకుని కూర్చుంది.

ఇదంతా పరీక్షల గొడవే అని ఊరి పెద్దలు అనుకుంటే పొరబడినట్టే. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రభుత్వం ఒక ఊళ్లో భూమి తీసుకోదలచినప్పుడు ప్రాథమిక ప్రకటన వేయాలి. దానిని రెండు దినపత్రికలలో ప్రచురించాలి, వాటిలో ఒకటి స్థానిక భాషది కావాలి. ఆ ప్రకటన వెలువడిన తరువాత 60 రోజులలోగా భూమిలో హక్కు ఉన్నవారు తమ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా కలెక్టరుకు ఇచ్చుకోవచ్చు. ఇటువంటి ప్రకటనలో సర్వే నంబర్లు, విస్తీర్ణాలు, సెక్షన్లు వరుసల కొద్దీ ఉంటాయి. అంకెల అడవిలో పడి "ఇదేదో సర్కారు లెక్క" అనుకుని కాగితం మడిచి పెట్టిన ఇంటికి అరవై రోజులు ఇట్టే గడిచిపోతాయి. అదే ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఆ కాగితం చదివి "మన భూమి తీసుకుంటామంటున్నారు నాన్నా, ఒప్పుకోకపోతే అరవై రోజుల్లో రాసి ఇవ్వాలట" అని రెండు ముక్కల్లో చెప్పగలిగితే, ఆ చదువు ఆ ఏటికే ఫలించినట్టు.

పురుగుమందుల డబ్బాతో వచ్చే కరపత్రం మరొకటి. చీమల బారులాంటి అక్షరాలలో ఎంతో సమాచారం ఉంటుంది. డబ్బా మీద గుర్తు ఎరుపు రంగులో ఉంటే అత్యంత విషపూరితమనీ, ఆ తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసలో తీవ్రత తగ్గుతుందనీ చాలామంది రైతులకు తెలుసు. కాని చివరి పిచికారీకీ కోతకూ మధ్య ఎన్ని రోజులు ఆగాలి, ఎకరానికి ఎంత మోతాదు, విషం సోకితే ముందుగా ఏం చేయాలి అనేవి ఆ చిన్న అక్షరాలలోనే దాగి ఉంటాయి. కరపత్రమంతా కంఠస్థం చేయనక్కరలేదు. కావలసింది ఏదో తెలిసి దానిని పైకి తీయడం వస్తే చాలు. తరగతి గదిలోకి ఇటువంటి కాగితాలనే పాఠంగా తీసుకురావడానికి ఉపాధ్యాయులకు అడ్డేమిటి? ఎరువుల బస్తా మీద రాత, సహకార సంఘం నోటీసు, బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం, ఆరోగ్య కేంద్రం గోడ మీది ప్రకటన, దినపత్రికలో ఒక వార్త, ఇవేవీ డబ్బు పెట్టి కొనవలసినవి కావు.

సెల్‌ఫోను ప్రతి ఇంటికీ చేరాక ఈ విద్యకు మరో అవసరం వచ్చిపడింది. రోజూ పదుల సంఖ్యలో సందేశాలు వస్తాయి. పైన ఒక శీర్షిక భయపెడుతుంది, కింద రాసినదానికీ ఆ శీర్షికకూ పొంతన ఉండదు. కింది సంగతి ఏమిటో చదివి తేల్చుకోలేనివాడు పై మాట నమ్మి పదిమందికి పంపుతాడు.

ఉపాధ్యాయుల ఇబ్బందులు లేవని కాదు. ఒకే ఉపాధ్యాయుడు అయిదు తరగతులు చూసుకునే బడులు ఇంకా ఉన్నాయి. సిలబస్ నెలవారీగా పూర్తిచేయాలి, రికార్డులు రాయాలి, యాప్‌లలో ఫోటోలు ఎక్కించాలి. వీటి మధ్య కొత్త పని ఒకటి నెత్తిన వేయడం న్యాయం కాదు. అయితే ఇది కొత్త పీరియడు కోరే పని కాదు. ఏ పాఠమైనా ముగించేముందు పది నిమిషాలు పుస్తకాలు మూయించి, "ఇంతకీ ఏమంటాడు?" అని అడిగి, ప్రతివారి చేతా ఒకటి రెండు వాక్యాలు సొంతంగా రాయించి, వాటిలో రెండు మూడు నల్లబల్ల మీద పెట్టి వాదన జరిపితే చాలు. మొదటి నెలలో అన్నీ తప్పులే వస్తాయి. ఆ తప్పులకు మార్కులు కోయకూడదు. కోస్తే పిల్లలు మళ్లీ గైడు దగ్గరకే పరుగెత్తుతారు.

తల్లిదండ్రులు తమకు చదువు రాదని వెనక్కి తగ్గనవసరం లేదు. నిజానికి ఈ ఒక్క విషయంలో చదువు రానివారే మంచి పరీక్షకులు. పిల్లవాడి చేత రాత్రిపూట పత్రికలో ఒక వార్త చదివించుకుని, కాగితం పక్కన పెట్టించి, సంగతి ఏమిటో చెప్పమనవచ్చు. పిల్లవాడు చెప్పింది తమకు అర్థమైతే వాడికీ అర్థమైనట్టే. చదివిన మాటలనే తిరిగి వల్లిస్తే, "అది కాదురా, నీ మాటల్లో చెప్పు" అనడానికి డిగ్రీలు అక్కరలేదు.

విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ప్రభుత్వ బడులలో ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సమావేశాలలో ప్రహరీ గోడ, మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనం చర్చకు వస్తున్నాయి. అవసరమైనవే. వాటితోపాటు ఒక్కసారి అయిదో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలను ఇద్దరేసి పిలిపించి, వారు చదవని ఒక పేరా చదివించి చెప్పించుకుంటే, బడి ఎలా నడుస్తున్నదో ఏ నివేదికా చెప్పనంత స్పష్టంగా కమిటీకి తెలుస్తుంది.

చివరకు అంతా ప్రశ్నపత్రం దగ్గరకే వస్తుంది. పరీక్షలో అడగనిది బడిలో నేర్పరు, ఇది అందరికీ తెలిసిన రహస్యమే. భాషా పరీక్షలలో చదవని గద్యభాగం ఇచ్చి ప్రశ్నలు అడిగే పద్ధతి ఇప్పటికే ఉంది. అక్కడ కూడా మాట వెతికి రాసే ప్రశ్నలే ఎక్కువ. వాటిలో కనీసం ఒకటి తీసివేసి, "ఈ భాగంలో రచయిత చెప్పదలచినది ఏమిటి? దానికి ఆధారమైన రెండు విషయాలు చూపండి" అని పెట్టాలి. సైన్సు, సాంఘిక పత్రాలలోనూ అటువంటి ప్రశ్న ఒకటి ఉండాలి. జవాబు ఒకే తీరుగా ఉండదు గనుక దిద్దేవారికి శ్రమ పెరుగుతుంది. ఏ మాటలున్నా భావం కుదిరితే మార్కు వేయమని స్పష్టమైన సూచనలు ఇస్తే ఆ చిక్కు కూడా తీరుతుంది. జిల్లా విద్యాశాఖాధికారులు ఈ మార్పును పదో తరగతి దాకా ఆపనక్కరలేదు. జిల్లా స్థాయిలో జరిగే పరీక్షలలో ఆరో తరగతి నుంచే మొదలుపెట్టి, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలలో పిల్లల జవాబు పత్రాలనే ముందు పెట్టుకుని ఉపాధ్యాయులు చర్చించుకునేటట్టు చూడాలి.